మల్దకల్ బడులలో మార్కులు – కొంత చరిత్ర, కొన్ని జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. పింఛను గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి వ్రాసే మిత్రులు చాలామందే ఉన్నారు కాబట్టి నేను బడి గురించి వ్రాస్తానన్నాను. బడి అంటే పెద్ద మాట. అందులో ఒక చిన్న ముక్క మాత్రమే తీసుకుంటున్నాను. పిల్లవాడు పరీక్ష వ్రాసిన రోజుకూ, అందులో తాను చేసినదేమిటో వానికి తెలిసిన రోజుకూ మధ్య మన ప్రాంతంలో ఏ కాలంలో ఎంత దూరం ఉండేది అన్నదే ఆ ముక్క. 1977లో ఉద్యోగంలో చేరి 2012లో పదవీ విరమణ చేసేవరకు నేను దిద్దిన పేపర్ల కట్టలు ఒక ఎడ్లబండికి సరిపోతాయి. వాటిలో ఒక కట్ట సంగతి చెప్పడానికే ఈ వ్యాసమంతా వ్రాస్తున్నానని ముందే ఒప్పుకుంటాను.

మల్దకల్ ఎరుగని పాఠకులకు రెండు మాటలు. కృష్ణా తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేలను మేము నడిగడ్డ అంటాము. గద్వాల నుంచి అయిజకు పోయే దారిలో మల్దకల్ ఉంది. తిమ్మప్ప స్వామి జాతర వల్ల చుట్టుపక్కల జిల్లాల వారికి, నది అవతలి కన్నడ సీమ వారికి కూడా ఊరు తెలుసు. 1949 వరకు ఇది గద్వాల సంస్థానపు సీమ. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల తాలూకాలో ఉండి, 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమయింది. 2016 అక్టోబరు నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. జిల్లాల పేర్లు మారాయి గాని వాన కోసం ఆకాశం వంక చూడడం, పని కోసం దూరదేశం పోవడం చాలాకాలం మారలేదు. 1991 జనాభా లెక్కల నాటికి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 30 మంది కూడా లేరు. 2011 నాటికి 55కు చేరారు. నేను చెప్పబోయే మార్కుల కథ ఈ రెండు అంకెల నడుమ నడిచింది.

మార్కులు ఇంగ్లీషు వారితోపాటు వచ్చాయని మనవారు అనుకుంటారు. అంకెల మార్కుల మాట ఎలా ఉన్నా, పిల్లవాడు ఎలా ఉన్నాడో అక్కడికక్కడే చెప్పే పద్ధతి మన వీధి బడులలో అంతకుముందే ఉంది. తుంగభద్రకు దక్షిణాన ఉన్న సీమను నిజాం 1800లో కుంఫిణీకి దత్తం చేశాడు. నడిగడ్డ మాత్రం నిజాం కిందనే మిగిలిపోయింది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని ప్రతి జిల్లాలో బడులెన్ని ఉన్నాయో, పిల్లలెందరో లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. ఆనాటి బళ్ళారి జిల్లాలో ఆదోని సీమ కూడా ఉండేది, అంటే మన ఎదురు ఒడ్డే. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్లు ఆయన లెక్క కట్టాడు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. పిల్లలు ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దుతారని, పై తరగతి పిల్లలే కింది పిల్లలకు చెబుతారని ఆయన మెచ్చుకుంటూ వ్రాశాడు. అందులో ఒక సంగతి చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఉదయం బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న చుట్టేవారట. అంటే వానికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. తర్వాత వచ్చినవారికి ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది.

దెబ్బలు నేను సమర్థించను. ముందుగా వచ్చినవాడే మంచి చదువరి కావాలన్న నియమమూ లేదు. కాని ఆ ఏర్పాటులోని ఒక గుణం చూడండి. ఫలితం అరచేతిలోనే ఉంది. ఇంటికి పోయి చెయ్యి చాపితే అక్షరం రాని తల్లికి కూడా తెలుస్తుంది. ఇసుకలో తప్పు వ్రాస్తే పక్కనున్న పెద్ద పిల్లవాడు అప్పుడే చెరిపి మళ్ళీ దిద్దిస్తాడు. తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య ఒక్క శ్వాస దూరం. అయితే అదే కాంప్‌బెల్ మరొక మాట కూడా అన్నాడు. పిల్లలు వల్లించే పద్యాలు వారికి గాని, చాలాచోట్ల పంతులుకు గాని అర్థం కావని. కాబట్టి ఆ బడిని స్వర్ణయుగమని నేను చెప్పను. దిద్దడం వెంటనే జరిగేది. దిద్దినది చాలామట్టుకు కంఠస్థమే.

మా నాయన సంస్థాన కాలంలో గద్వాలలో ఉర్దూ మాధ్యమంలో కొన్ని తరగతులు చదివాడు. హైదరాబాదు రాజ్యంలో పై చదువు చాలామట్టుకు ఉర్దూలోనే ఉండేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే మొదలయింది. మా నాయన నోట పరీక్షా ఫలితానికి రెండే మాటలు ఉండేవి. ఒకటి కామ్యాబ్, రెండవది నాకామ్. ఏ లెక్క తప్పింది, ఏ వాక్యం తప్పింది అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. నాకామ్ అయిన ఏడు ఆయన బడి మాని గొర్రెల వెంట పోయాడు. తాను ఎందులో తప్పాడో ఆయనకు చివరివరకూ తెలియదు. లెక్కలలో అయి ఉండదని మాత్రం నేను గట్టిగా చెప్పగలను. సంతలో గొర్రెల బేరం నోటిలెక్కతో ఆయన తేల్చినంత వేగంగా నేను కాగితం మీద కూడా తేల్చలేను.

నా చదువు నాటికి తెలుగు మాధ్యమం వచ్చింది. ఏప్రిల్ చివర ఒక ఉదయం బడి తలుపు మీద ఉత్తీర్ణుల జాబితా అంటించేవారు. జాబితాలో పేరుంటే కొబ్బరికాయ, లేకుంటే ఇంట్లో తిట్లు. పేరు ఉన్నవానికి కూడా ఎన్ని మార్కులో తెలిసేది కాదు. త్రైమాసిక, అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు చేతికిచ్చిన పంతుళ్ళు నా పది సంవత్సరాల చదువులో ఇద్దరే గుర్తున్నారు. మిగిలిన కట్టలు ఏమైనాయని అడిగే ధైర్యం మాకు లేదు. ఆ కట్టల కాగితాలలో ఊరి అంగడిలో బెల్లం పొట్లాలు కట్టి ఇచ్చేవారు. నా సాంఘిక శాస్త్రం పేపరు ఒకసారి అలా పొట్లంగా మా ఇంటికే వచ్చింది. దాని మీద ఎర్ర సిరా గీత ఒక్కటి కూడా లేదు.

పదవ తరగతి ఫలితాలు పత్రికలో అచ్చయ్యేవి. పేర్లు ఉండవు, చీమతలకాయంత నంబర్లే. పత్రిక గద్వాల బస్టాండుకు చేరేది. మల్దకల్ వైపు పిల్లలు అక్కడికే పోయి, ఒక్క పత్రిక చుట్టూ పది తలలు పెట్టి వెతికేవారు. మార్కుల మెమో తర్వాత ఎన్నో రోజులకు బడికి వచ్చేది. నాకు లెక్కలలో ఎన్ని వచ్చాయో తెలిసేనాటికి తోటివారు కొందరు కాలేజీలో చేరిపోయారు.

ఇక ఉద్యోగంలో చేరిన తర్వాతి మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1971లో కింది తరగతులలో పిల్లలను ఆపివేయని విధానం వచ్చింది. దాని ఉద్దేశం మంచిదే. ఒకే తరగతిలో మూడేళ్ళు కూర్చోబెడితే పిల్లవాడు బడే మానేస్తాడు. కాని నాలాంటి కొత్త పంతులుకు దాని వల్ల ఒక వెసులుబాటు దొరికింది. ఎలాగూ అందరూ పై తరగతికి పోతారు కదా, పేపరు ఇవాళ దిద్దితేనేమి, వచ్చే నెల దిద్దితేనేమి అన్న నిదానం వచ్చేసింది. తనిఖీకి వచ్చిన అధికారి మార్కుల రిజిస్టరు అడుగుతాడు, పిల్లవాని నోటుపుస్తకం అడగడు. రిజిస్టరులో అన్ని గళ్ళూ నిండి, కింద మొత్తాలు సరిపోతే చాలు. ఆ రిజిస్టరు నేను ముత్యాలలాంటి అక్షరాలతో నింపేవాణ్ణి. నా రిజిస్టరును ఇతర బడుల వారికి చూపించమని ఒకసారి మెచ్చుకున్నారు కూడా. అందులోని అంకెలు పిల్లలకు తెలుసునా అని ఎవరూ అడగలేదు. నేనూ అడుగుకోలేదు.

ప్రోగ్రెస్ కార్డు అనే మడత అట్ట ఉండేది. యూనిట్ పరీక్షలకు, త్రైమాసికానికి, అర్ధ సంవత్సరానికి, వార్షికానికి గళ్ళు. కింద తరగతి ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడు, తండ్రి లేక సంరక్షకుడు సంతకం చేయాలి. మా ఊళ్ళలో మూడవ గడిలో సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ. తల్లిదండ్రులు వేలిముద్ర వేసేది తాము చదవలేని కాగితం మీద. భూమి కాగితాల మీద వేలిముద్ర వేసి మోసపోయిన ఇళ్ళు ఉన్న సీమ ఇది. ప్రోగ్రెస్ కార్డు చూస్తే కొందరు ముసలివాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకునేవారు. “ఇది దేనిదో చెప్పు సారూ, అప్పుడేస్త” అని ఒక అవ్వ నాతో అన్నది. న్యాయమైన మాటే. మరొక సంగతి. ఒక కుర్రవాడు ఏడాది పొడుగునా వాళ్ళ ఇంటి జీతగాని చేత వేలిముద్ర వేయించుకు వచ్చాడు. తండ్రికి కార్డు అనేది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. వార్షిక పరీక్షల తర్వాత సంగతి బయటపడితే నేను నవ్వాను. నవ్వవలసింది కాదేమో.

ఇప్పుడు ఆ కట్ట సంగతి.

1994 డిసెంబరు. శాసనసభ ఎన్నికల డ్యూటీ చేసి వచ్చాము. అర్ధ సంవత్సర పరీక్షలు జరిగాయి. అదే నెలలో తిమ్మప్ప జాతర. నేను అప్పుడు మండలంలోని ఒక బడిలో ఏడవ తరగతికి లెక్కలు చెబుతున్నాను. తరగతిలో 60 మంది, అందులో ఆడపిల్లలు పట్టుమని పదిమంది లేరు. పేపర్ల కట్ట ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టె మీద పెట్టాను. డ్యూటీ అలసట, ఇంట్లో చుట్టాలు, జాతర. సాకులకు ఏమి తక్కువ.

మా సీమలో జాతర తర్వాతి రోజులు గుంపు మేస్త్రీలు తిరిగే రోజులు. కాలువ పనులకు, కట్టడాల పనులకు బయలుదేరే కుటుంబాలకు బయానా ఇస్తారు. తల్లీదండ్రీ పనిలో ఉంటే చంటిపిల్లను చూడడానికి ఎవరో కావాలి. ఆ ఎవరో తరచుగా ఏడవ తరగతి చదివే ఆడపిల్లే అవుతుంది. మా తరగతిలోని ఒక అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. గేటు బయటనే నిలబడి అడిగాడు.

“సారూ, ఈ పిల్లకు సదువొస్తదా? వస్తదంటే మా యమ్మ దగ్గర ఇడిసిపోత. రాదంటే ఎంటబెట్టుకపోత.”

“పేపర్లు ఇంకా దిద్దలేదయ్యా. పండుగ పోయినంక రా, చెప్తాను” అన్నాను.

ఆయన మళ్ళీ రెండు రోజులకు వచ్చాడు. అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి వచ్చింది జాతరలో. మిఠాయి అంగడి దగ్గర నన్ను చూసి, నోరు తెరవకుండా నిలబడ్డాడు. నేను పండుగ అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

సంక్రాంతి అయిపోయి, జనవరి చివరి వారంలో కట్ట విప్పాను. రెండు రాత్రులలో దిద్దడం అయిపోయింది. ఆ అమ్మాయికి 50కి 43. తరగతిలో అందరికంటే ఎక్కువ. చక్రవడ్డీ లెక్క నేను బోర్డు మీద చేసిన దారిలో కాక, తనదే ఒక పొట్టి దారిలో చేసి సరియైన జవాబు తెచ్చింది. మరునాడు వాళ్ళ ఇంటికి పోయాను. అవ్వ ఒక్కతే ఉన్నది. వాళ్ళు పండుగకు ముందే పోయారట. “ఎవరు చెప్పినా ఇనేటోడే సారూ, ఎవరూ చెప్పకపోయిరి” అన్నది. అవ్వ నన్ను ఉద్దేశించి అనలేదు. అందరినీ కలిపి అన్నది.

60 పేపర్లు. ఒక్కొక్కదానికి 5 నిమిషాలు. 300 నిమిషాలు, అంటే 5 గంటలు. లెక్కల పంతులునే కదా, ఆ రాత్రి ఈ లెక్క చేసి చూసుకున్నాను. 5 గంటల పని ఐదు వారాలకు పైగా ట్రంకుపెట్టె మీద పడి ఉన్నది. ఇంకొక సంగతి దానికంటే ఎక్కువగా బాధించింది. ఆ పిల్లకు చదువు వస్తుందని నాకు పేపరు దిద్దకముందే తెలుసు. జూన్ నుంచి చూస్తున్నాను. గేటు దగ్గర ఆ ఒక్క మాట చెప్పడానికి ఏ కాగితమూ అవసరం లేదు. మార్కులంటేనే ఫలితమని, ఫలితం కట్టలోనే ఉంటుందని నా బుర్రలో పడిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట 43 వేశాను. పక్క గడి, వార్షిక పరీక్షది, ఖాళీగా ఉండిపోయింది.

అప్పటికి మన రాష్ట్రంలో బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడుస్తున్నది. అప్పెప్ అంటే మనవారందరికీ గుర్తే. 1980ల నడుమ కొన్ని జిల్లాలలో ప్రయోగంగా మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చింది. టీచర్ సెంటరు సమావేశాలలో ఆరు సూత్రాలు వల్లించాము. పిల్లల మధ్య భేదాలు గుర్తించడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం అందులోవే. మొదట్లో గోడ ప్రదర్శనను చూసి నేను కూడా రంగు కాగితాల తమాషా అని నవ్వినవాణ్ణే. తర్వాత తెలిసింది, నిన్న చేసిన పని ఇవాళ గోడ మీద కనబడితే పిల్లవాడు దాని దగ్గర నిలబడి తన తప్పు తానే వెతుక్కుంటాడని. 1991లో ఆచార్య ఆర్. హెచ్. దవే కమిటీ కనీస అభ్యసన స్థాయిలను నిర్ణయించింది. అందులో నాకు పనికివచ్చింది ఒక్కటే. ప్రతి సామర్థ్యానికి చిన్న పరీక్ష పెట్టి, రానివారికి మళ్ళీ చెప్పి, ఆ తర్వాతే ముందుకు పోవాలన్నది. ఆచరణలో చాలాచోట్ల అది మరొక రిజిస్టరుగా మారింది.

1995 జూన్ నుంచి నేను చేసినది గొప్ప ప్రయోగమేమీ కాదు. రోజూ పీరియడు చివర పది నిమిషాలు రెండే లెక్కలు. పలకల మీదనో, సగం కాగితం మీదనో చేయించి, పక్కవానితో మార్పించి, బోర్డు మీద జవాబు చూపి అక్కడే దిద్దించేవాణ్ణి. నేను మాత్రం రోజుకు ఎనిమిది మందివి తీసుకుని స్వయంగా చూసేవాణ్ణి. వారం పదిరోజులలో అందరివీ ఒక చుట్టు వచ్చేవి. పరీక్ష పేపర్లు మూడు రోజులలో చేతికి. అంకె పక్కన ఒక వాక్యం వ్రాసేవాణ్ణి, “భాగహారంలో సున్న మరచిపోతున్నావు, చూసుకో” అన్నట్టు. ఇక తల్లిదండ్రులను బడికి పిలవడం మానేశాను. కూలి పోగొట్టుకుని బడికి ఎవరు వస్తారు? సాయంత్రం రచ్చకట్ట దగ్గరికి నేనే పోయేవాణ్ణి. డిసెంబరులో అన్నిటికంటే ముందు దిద్దేది అర్ధ సంవత్సర పేపర్లే. మేస్త్రీ బయానా ఇవ్వకముందే పిల్ల సంగతి తండ్రికి చెప్పాలన్నది నాకు నేను పెట్టుకున్న గడువు.

అలా చెప్పినందువల్ల ఆగిన పిల్లలు ఉన్నారు. చెప్పినా పోయినవారు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. బయానా కాగితం ముందు నా మాట ఎంత? అప్పు ఉన్న ఇంటికి 43 మార్కులు తిండి పెట్టవు. ఇది కూడా వ్రాయకపోతే అబద్ధమవుతుంది.

వెంటనే చెప్పడంలో కూడా ఒక పాపం ఉంది. ఒక సహోద్యోగి పరీక్ష మరునాడే పేపర్లు తెచ్చేవాడు. శ్రమజీవి, అందులో సందేహం లేదు. కాని ఎక్కువ మార్కుల వానితో మొదలుపెట్టి పేరు పిలుస్తూ, చివరి నలుగురి పేపర్లు నేల మీద విసిరేవాడు. ఏరుకోవడానికి వంగిన పిల్లవానికి ఆ కాగితంలోని తప్పులు కనబడతాయా? బళ్ళారి బడిలో మూడవవానికి, నాలుగవవానికి పడిన దెబ్బలు ఇవే. ఆ నలుగురిలో ఒకడు మళ్ళీ బడికి రాలేదు. ఏకోపాధ్యాయ బడులలో ఐదు తరగతులను ఒక్కడే చూసే మిత్రులు నాతో వాదించేవారు, నీకు ఒక సబ్జెక్టు కాబట్టి కుదిరిందని. వారి మాటలో నిజముంది.

పదవీ విరమణ తర్వాత కొంత తీరిక దొరికి, ఇతర దేశాల వారు దీని గురించి ఏమన్నారో చదివాను. అమెరికాలో ఆర్థర్ చికరింగ్, జెల్డా గామ్సన్ అనే ఇద్దరు 1987లో కళాశాల బోధనకు ఏడు సూత్రాలు చెప్పారు. అందులో నాల్గవది విద్యార్థికి తన పని ఎలా ఉందో వెంటనే తెలియజేయడం. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే వ్రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందినవారు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందినవారి పరిస్థితి మార్కులు మాత్రమే అందినవారి కంటే ఏమంత బాగులేదు. అంకె కనబడగానే పిల్లవాని చూపు అక్కడే ఆగిపోతుందన్నమాట. ఇది చదివి నేను చాలాసేపు కూర్చున్నాను. నేను వ్రాసిన వాక్యాలన్నీ అంకె పక్కనే వ్రాశాను కదా.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. దాని 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వారికి తెలియజేయాలి. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలన్నది. గేటు దగ్గర ఆ తండ్రి నన్ను అడిగినది దయ కాదు, చట్టం ఆ తర్వాత హక్కుగా వ్రాసిపెట్టిన దాన్నే. నేను దిగిపోయే నాటికి కొత్త మూల్యాంకనం అడుగుపెడుతున్నది. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక, వాటికి తోడు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు. పదవ తరగతికి 2015 పరీక్షల నుంచి 80 మార్కులు వ్రాతకు, 20 బడి లోపలి పనికి అన్నారు. ఊహ చక్కనిది. వ్రాతపని మాత్రం పెరిగింది. ప్రాజెక్టులు గైడ్లలో చూసి ఎత్తి వ్రాసే పిల్లలు, వాటిని దిద్దకుండానే అంకెలు వేసి కంప్యూటరులో ఎక్కించే హడావుడి గురించి ఇప్పటి ఉపాధ్యాయ మిత్రులు చెబుతుంటే నాకు నా ముత్యాల రిజిస్టరు గుర్తుకు వచ్చింది. గళ్ళు నిండాయి. పదవ తరగతి ఫలితాలను 2012 నుంచి గ్రేడ్లలో ఇచ్చారు. తెలంగాణలో 2025 ఫలితాలకు మళ్ళీ మార్కులు చూపారు. మార్కులా గ్రేడ్లా అని మన సంఘం సమావేశాలలో కూడా వాదనలు జరిగాయి. నాకు దానిలో పెద్ద ఆసక్తి లేదు. ఏదైనా సరే, పాఠం పచ్చిగా ఉండగానే పిల్లవాని చేతికి వచ్చిందా, దానితోపాటు ఎక్కడ తప్పాడో ఎవరైనా చెప్పారా అన్నదే అడుగుతాను.

ఆ అమ్మాయిని మళ్ళీ చూశాను. పదవీ విరమణ అయిన కొన్నేళ్ళకు తిమ్మప్ప జాతరలోనే. నేను గుర్తుపట్టలేదు, ఆమే పలకరించింది. పక్కన తొమ్మిదవ తరగతి చదివే కొడుకు ఉన్నాడు. చాలా ఊళ్ళు తిరిగి, చివరికి అత్తగారి ఊళ్ళో పత్తి చేనులో స్థిరపడ్డారట. క్షేమ సమాచారాలయ్యాక కొంచెం తటపటాయించి అడిగింది.

“సారూ, ఆ పరీక్షల లెక్కలకు నాకు ఎన్నొచ్చినై?”

“యాభైకి నలభైమూడమ్మా. క్లాసుల నీదే ఫస్టు.”

ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు భుజం మీద తట్టి, “ఇంటివా?” అన్నది. వాడు సిగ్గుపడి నవ్వాడు. వాని మార్కులు సెల్ ఫోనుకు వస్తాయని, వాని చేతనే చదివించుకుంటానని, ఉన్నది ఉన్నట్టు చదువుతాడో లేదో తిమ్మప్పకే తెలియాలని అన్నది. ఫోను తెచ్చి నాకు చూపించింది. అంకెలన్నీ ఉన్నాయి. ఏ లెక్క ఎక్కడ తప్పిందన్నది మాత్రం అందులో లేదు. అక్కడే రథం పక్కన మెట్ల మీద కూర్చుని, వాని సంచిలో ఉన్న నోటుపుస్తకం తీయించి రెండు పేజీలు చూశాను. ఋణ సంఖ్యల దగ్గర తడబడుతున్నాడు. చెప్పాను. ఆమె శ్రద్ధగా వింటున్నది.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్ళలో పాత ప్రోగ్రెస్ కార్డులు, మార్కుల రిజిస్టర్ల నకళ్ళు, దిద్దిన పేపర్లు, సంస్థాన కాలపు ఉర్దూ సర్టిఫికెట్లు ఏవైనా ఉంటే మన సంఘం వార్షిక సమావేశానికి వచ్చేటప్పుడు దయచేసి తీసుకురండి. బెల్లం పొట్లాలు కట్టడానికి పోగా మిగిలినవి ఎన్ని ఉన్నాయో చూద్దాము. నా దగ్గర ఉన్న 1994–95 ఏడవ తరగతి లెక్కల కట్టలోని ఒక పేపరును నేనూ తెస్తాను, పేరు ఉన్న భాగం మడిచి.